వినని దినము, వినిన దినము

ధ్యాన భాగము: అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయము



మన గ్రామపు సందులో లారీని వెనుకకు నడుపునప్పుడు మీరు చూచియుందురు. స్టీరింగు పట్టినవాడు డ్రైవరు. అనుభవము అతనిదే, అధికారము అతనిదే. అయినను వెనుక ఏమున్నదో అతనికి కనబడదు. క్రింద నిలిచిన క్లీనరు కుర్రవాడు బండి ప్రక్కను చేతితో తట్టుచు, “రానీ, రానీ” అని కేకవేయును. “ఆపు!” అనగానే డ్రైవరు బ్రేకు త్రొక్కును. “వీడా నాకు చెప్పువాడు?” అని డ్రైవరు తలంచిన దినమున గోడయైనను కూలును, పసిబిడ్డయైనను నలుగును.

అధికారము చేతనున్నవాడు ఆపద ముంచుకొనివచ్చిన గడియలో తనకంటె చిన్నవాని మాట వినునా, వినడా? ఈ నెల మనము ధ్యానింపవలసిన సంగతి ఇదే. దీనిని గూర్చి లేఖనములో ఒక ఓడ ప్రయాణమున్నది. మన కాలములో రెండు విమాన ప్రయాణములున్నవి. మూడింటిని కలిపి చూచెదము.

1. మెల్లని గాలి

పౌలు ఖైదీగా రోమాకు కొనిపోబడుచుండెను. యూలి అను శతాధిపతి అతనికి కావలి. ఓడ క్రేతు ద్వీపమున మంచిరేవులు అను చోటికి చేరునప్పటికి ప్రయాణకాలము మించిపోయెను, చలికాలము దగ్గరపడెను. ఇక ముందుకు సాగినయెడల సరకునకును ఓడకును ప్రాణములకును నష్టము కలుగునని పౌలు హెచ్చరించెను. శతాధిపతి ఆ మాట లక్ష్యపెట్టలేదు. ఓడ నడుపువాని మాటను, ఓడ యజమానుని మాటను నమ్మెను (11వ వచనము).

యూలిని మనము తొందరపడి నిందింపరాదు. ఒకవైపున సముద్రమెరిగిన నావికుడు, మరియొకవైపున సంకెళ్లలోనున్న ఖైదీ. మనమైనను ఎవరి మాట విందుము? పైగా ఆ రేవు చలికాలము గడుపుటకు అనుకూలమైనది కాదు. ఎక్కువమంది పోదమనియే అనిరి. అంతలో దక్షిణపు గాలి మెల్లగా వీచెను. ఇక పని నెరవేరినట్టే అని లంగరు ఎత్తిరి. ఆ మెల్లని గాలి వెనుకనే పెనుతుపాను వచ్చెను.

ప్రియులారా, మనలను మోసపుచ్చునది ఎల్లప్పుడు తుపాను కాదు. మన ఇష్టమునకు అనుకూలముగా వీచు మెల్లని గాలియే మన చెవులను మూసివేయును.

2. ఒక ప్రశ్న

1977 మార్చి 27వ తేదీ ఆదివారము. ఆఫ్రికా ఖండమునకు పడమట అట్లాంటిక్ సముద్రములో స్పెయిన్ దేశమునకు చెందిన కానరీ ద్వీపములు కలవు. వాటిలోని గ్రాన్ కానరీయ విమానాశ్రయములో ఆ దినమున బాంబు ప్రేలుటచేత, అచ్చటికి పోవలసిన విమానములను టెనెరీఫ్ ద్వీపమునకు మళ్లించిరి. అచ్చటి లోస్ రోడియోస్ విమానాశ్రయము చిన్నది. విమానములతో అది క్రిక్కిరిసిపోయెను. వాటిలో రెండు బోయింగ్ 747 అను బ్రహ్మాండమైన విమానములు. ఒకటి నెదర్లాండ్స్ దేశపు కే.ఎల్.ఎం. సంస్థది, రెండవది అమెరికా దేశపు పాన్ అమెరికన్ సంస్థది.

కే.ఎల్.ఎం. విమానపు కెప్టెన్ ఆ సంస్థలో మిక్కిలి పేరుపొందినవాడు. ఇతర పైలట్లకు ఆ విమానము నడుపుట నేర్పు గురువు. సంస్థవారి ప్రకటనలలో అతని చిత్రమునే వేసిరి. అట్టివానిని ఆ సాయంకాలము గడియారము తరుముచుండెను. సిబ్బంది దినమునకు ఇన్ని గంటలే పని చేయవలెనను నియమము వారి దేశములో కఠినముగా నుండెను. ఇంకను ఆలస్యమైన, ఆ రాత్రి తిరిగి ఇల్లు చేరుట సాధ్యముగాక ప్రయాణికులందరును ద్వీపముననే నిలిచిపోవుదురు. ఇంతలో మబ్బు నేలకు దిగి, ఎదుట ఏమున్నదో కనబడకుండ చేసెను.

అతడు విమానమును పరుగుబాట చివర నిలిపి కదలబోగా, ఇంకను అనుమతి రాలేదని సహ పైలట్ చెప్పెను. కెప్టెన్ ఆగి, అడుగుమనెను. ఎగిరిన తరువాత ఏ దారిన పోవలెనో టవరువారు చెప్పిరి గాని, ఎగురుమని చెప్పలేదు. సహ పైలట్ ఆ మాటలను రేడియోలో తిరిగి చెప్పుచుండగనే కెప్టెన్ విమానమును కదలించెను. ఈసారి సహ పైలట్ అతనిని ఆపలేదు. అదే పరుగుబాటమీద, మబ్బు చాటున, పాన్ అమెరికన్ విమానము ఎదురుగా వచ్చుచుండెను.

వెనుక కూర్చుండిన ఇంజనీరు రేడియోలో ఆ రెండవ విమానపువారి మాట వినెను. వారింకను బాట విడిచిపోలేదా అని అడిగెను. కెప్టెన్ గట్టిగా, విడిచిపోయిరనెను. ఇంజనీరు మరల నోరెత్తలేదు. కొన్ని సెకనులలో రెండు విమానములు ఢీకొనెను. 583 మంది మరణించిరి. కే.ఎల్.ఎం. విమానములోని 248 మందిలో ఒక్కరును మిగులలేదు. కెప్టెనును సహ పైలటును ఇంజనీరును వారిలోనివారే.

ఆ ప్రమాదమునకు కారణములు అనేకములు. మబ్బు కారణమే. ఒకే క్షణమున ఇద్దరు మాటలాడుటచేత రేడియోలో కొన్ని మాటలు వినబడక పోవుటయు కారణమే. అయినను ఆ ఒక్క ప్రశ్న నా మనస్సును విడువదు. తెలిసినవాడు వెనుకనే కూర్చుండెను. అడిగెను. ఒక్కసారి అడిగి ఊరకుండెను.

ఆ కెప్టెన్ దుర్మార్గుడు కాడు, పని తెలియనివాడును కాడు. అతనికి తీర్పు తీర్చుటకు నాకు నోరు రాదు. నా సంగతి చెప్పెదను. నేను ఒకప్పుడు సేవచేసిన గ్రామములో గుడి ఊడ్చు ఒక అవ్వ ఉండెను. క్రిస్మసునకు ముందు ఒక ఉదయమున ఆమె నాయొద్దకు వచ్చి, “అయ్యగారండీ, రోజూ ఊడుస్తున్నాను, దూలంలోంచి పొడి రాల్తానే ఉందండి. ఓసారి చూడండి” అనెను. సున్నము వేయింపవలెను, పాటలు నేర్పవలెను, చందాలు వసూలు చేయవలెను. “పండుగ కానియ్యి అవ్వా, చూద్దాం” అంటిని. పండుగకు రెండు దినముల ముందు, పిల్లలు పాటలు నేర్చుకొనుచుండగా, చెదలు తినిన ఆ దూలము ఒక ప్రక్క కూలెను. ఒక పిల్లవాని చేయి విరిగెను. దేవుడు ప్రాణము కాచెను. అవ్వ నన్ను ఒక్క మాటయు అనలేదు. చీపురు తెచ్చి పెంకులు ఊడ్చెను. నేను గుడికి అయ్యగారినే గాని, ఆ గుడి నేలను అనుదినము చూచునది ఆమె.

3. నేర్చుకొనిన పాఠము

మరుసటి సంవత్సరము, 1978 డిసెంబరు 28వ తేదీన, అమెరికాలోని పోర్ట్‌లండ్ నగరమునొద్ద మరియొక విమానము కూలెను. చక్రములు సరిగా దిగినవో లేదో అను చింతలో కెప్టెన్ మునిగి ఆకాశమున తిరుగుచుండగా, ఇంధనము తగ్గిపోవుచున్నదని తక్కిన సిబ్బంది చెప్పిన మాట అతని మనస్సుకు ఎక్కలేదు. ఇంధనము అయిపోయి పదిమంది చనిపోయిరి.

ఇట్టి ప్రమాదములను పరిశీలించినవారు ఒక సంగతి కనుగొనిరి. అనేక విమానములు యంత్రము చెడుటచేత గాక, యంత్రమునొద్ద కూర్చుండినవారిలో ఒకని మాట ఒకడు విననందున కూలినవి. గనుక 1979లో అమెరికా అంతరిక్ష సంస్థయైన నాసా ఆధ్వర్యమున ఈ విషయమై నిపుణులు సమావేశమైరి. 1981 నుండి యునైటెడ్ విమాన సంస్థ తన సిబ్బందికి ఈ శిక్షణ నేర్పసాగెను. తరువాత లోకమందలి ఇతర సంస్థలును దాని నవలంబించెను.

ఆ శిక్షణ సారము చెప్పుటకు సులభము, చేయుటకు కష్టము. ఏ ఆపద వచ్చినను మొదట విమానమును ఎగురుచుండునట్లు చూడవలెను, తక్కినవన్నియు తరువాత. కెప్టెన్ నిర్ణయించుటకు ముందు, “మీకేమి తోచుచున్నది?” అని తనవారిని అడుగవలెను. క్రిందివాడు అపాయము చూచినయెడల స్పష్టముగా చెప్పవలెను. వినకపోయిన మరల చెప్పవలెను. పెద్దవాని గౌరవము కాపాడుటకై సత్యమును మ్రింగివేయరాదు.

4. నాకు తెలియదు అనిన కెప్టెన్

1989 జూలై 19వ తేదీన యునైటెడ్ సంస్థవారి 232వ నంబరు విమానము డెన్వరు నుండి షికాగోకు 296 మందితో బయలుదేరెను. అది మూడు ఇంజనులు గల డీసీ-10 విమానము. గంటా ఏడు నిమిషములు గడచిన పిమ్మట, 37,000 అడుగుల ఎత్తున, తోకయందలి ఇంజనులోని పెద్ద చక్రము పగిలెను. విమానమును త్రిప్పుటకు బలమిచ్చు హైడ్రాలిక్ నూనె గొట్టములను దాని ముక్కలు కోసివేసెను. ఒకటి పోయిన ఇంకొకటి ఉండవలెనని మూడు ఏర్పాట్లు చేసియుండిరి. మూడింటిలోని నూనెయు కారిపోయెను. ఎడ్ల పగ్గములన్నియు తెగిన బండివలె ఆ విమానము చేతికి లొంగక, ఒక ప్రక్కకు ఒరగి తలక్రిందులు కాబోయెను. రెక్కలక్రింది రెండు ఇంజనులు మాత్రము పనిచేయుచుండెను. కెప్టెన్ ఒకదాని బలము తగ్గించి, రెండవదాని బలము హెచ్చించి విమానమును నిలువరించెను.

ఆ కెప్టెన్ పేరు ఆల్ హేన్స్. వయస్సు 57 సంవత్సరములు. ఇట్టి ఆపదకు ఏమి చేయవలెనో ఏ పుస్తకములోను లేదు, ఎవరును ఎన్నడును అభ్యాసము చేయలేదు. అట్టి గడియలో అతడు తన సహ పైలట్ విలియం రెకార్డ్స్‌ను, ఇంజనీరు డడ్లీ డ్వోరాక్‌ను అడుగుచు, వారు చెప్పునది వినుచు నడిపించెను. ప్రయాణికులలో డెన్నిస్ ఫిచ్ అను మరియొక పైలట్ ఉండెను. ఆ రకపు విమానము నడుపుట నేర్పువాడు, ఆ దినమున పనిలో లేనివాడు. తాను సహాయము చేయగలనని కబురంపగా, హేన్స్ వెంటనే రమ్మనెను. ఇది నా స్థలము, నా విమానము అనలేదు. ఇంజనుల బలమును హెచ్చించి తగ్గించు పిడులను అతని చేతికి అప్పగించెను. ఫిచ్ వారి ఆసనముల మధ్య మోకాళ్లమీద నుండి ఆ పిడులు పట్టెను.

ఆ విధముగా నలుగురును 44 నిమిషములు పోరాడి, విమానమును అయోవా రాష్ట్రములోని సూ సిటీ విమానాశ్రయమునకు చేర్చిరి. అది మిక్కిలి వేగముగా దిగెను. కుడి రెక్క మొదట నేల తాకి విమానము ముక్కలై మండెను. 112 మంది చనిపోయిరి. 184 మంది బ్రతికిరి. ఆ సిబ్బంది చేసిన పని ఎవరైనను ఆశింపదగిన దానికంటె ఎంతో మించినదని విచారణ జరిపినవారు వ్రాసిరి.

హేన్స్ 2019లో మరణించెను. అంతకు పూర్వము అనేక సంవత్సరములు ఊరూర ఈ సంగతి చెప్పెను. ఆ గదిలో మా నలుగురి అనుభవము కలిపిన 103 సంవత్సరములు, అయినను అట్టి స్థితిలో విమానమును దించుట ఎవరమును ఒక్క నిమిషమైనను నేర్వలేదు, అట్లయిన వారికంటె నాకెక్కువ తెలియునని నేనెట్లు అనుకొందును అని అతని భావము. పూర్వము కెప్టెన్ చెప్పినదే శాసనముగా నడచెననియు, ఆ పద్ధతివలన కొన్ని విమానములను పోగొట్టుకొంటిమనియు అతడు దాపరికము లేక ఒప్పుకొనెను.

ఒక మాట స్పష్టముగా చెప్పవలెను. వినుట మరణమును తప్పించు మంత్రము కాదు. వినినను 112 మంది పోయిరి, ఆ దుఃఖమును హేన్స్ జీవితాంతము మోసెను. బ్రతికినవారు దేవునికి ప్రియులు, చనిపోయినవారు అప్రియులు అని చెప్పువాడు దేవుని ఎరుగడు. మన చేతనున్నది ఫలితము కాదు. వినుట మన చేతనున్నది.

5. అదే శతాధిపతి

ఇప్పుడు మరల ఓడయొద్దకు వత్తము. తుపాను పట్టి పదునాలుగవ రాత్రి. నావికులు లంగరు వేయువారివలె నటించి, పడవ దింపి పారిపోజూచిరి. పౌలు ఊరకుండలేదు. మొదట చెప్పినది విననివారికి మరల ఏల చెప్పవలెనని మూతి ముడుచుకొనలేదు. వీరు ఓడలో లేనియెడల మీకు రక్షణ లేదని శతాధిపతికి తెలియజెప్పెను. ఈసారి ఏమి జరిగెను? సైనికులు పడవ త్రాళ్లు కోసివేసిరి (32వ వచనము). తీరము చేరునప్పుడు ఖైదీలను చంపవలెనని సైనికులు తలంచగా, పౌలును కాపాడగోరి వారి నాపినవాడు ఆ శతాధిపతియే. ఓడలో 276 మంది. ఓడ పోయెను గాని, ఒక్క ప్రాణమును పోలేదు.

చూచితిరా? మంచిరేవులలో విననివాడును, పదునాలుగవ రాత్రి వినినవాడును ఒక్కడే. వినని దినము అతని కడవరి దినము కాలేదు. దేవుడు అతనికి వినిన దినమును దయచేసెను. నీకును దయచేయును.

6. మన ఇండ్లలో

విమానములు మన ఊరిమీదుగా ఎంతో ఎత్తున పోవును. మనకు వాటితో ఏమి పని? అయినను ప్రతి ఇంటిలో ఒక కెప్టెన్ కూర్చుండియున్నాడు. విత్తనాల అదను దాటుచున్నది, షావుకారు కాగితము ముందు పెట్టి వేలిముద్ర వేయుమనుచున్నాడు. ఆ వడ్డీ మనము తీర్చలేమని భార్య మెల్లగా అనుచున్నది. పెండ్లివారు రేపే చెప్పవలెనని తొందరపెట్టుచున్నారు. నాకు ఇష్టము లేదని కుమార్తె కన్నులు చెప్పుచున్నవి. బిడ్డ జ్వరము మూడు దినములైనను తగ్గలేదు. ఆసుపత్రికి తీసికొనిపోవుదమని ముసలితల్లి అనుచున్నది. ఆ గడియలో నీవేమి చేయుదువు? “మీకేమి తెలుసు, ఊరుకోండి” అందువా?

నాబాలు అను ధనవంతుని గూర్చి అతని పనివాడే చెప్పిన సంగతి లేఖనములో నున్నది. అతనితో ఎవడును మాటలాడజాలని స్వభావము అతనిదని ఆ పనివాడు అబీగయీలుతో చెప్పెను (1 సమూయేలు 25:17). నయమాను గొప్ప సేనాధిపతి. కోపముతో తిరిగిపోవుచుండెను. అయినను తన దాసులు దగ్గరకు వచ్చి చెప్పగా వినెను, కుష్ఠు పోయెను (2 రాజులు 5:13, 14). నాతో మాటలాడుటకు నా ఇంటివారు జంకుచున్నారా అని ప్రతి తండ్రియు, ప్రతి సంఘపెద్దయు, ప్రతి సేవకుడును తన్ను తాను అడుగుకొనవలెను. వారు మౌనముగా నున్నందున అంతయు బాగున్నదని తలంచరాదు.

వినుట ఆపద దినమున క్రొత్తగా వచ్చునది కాదు. హేన్స్ ఆ 44 నిమిషములలో వినుట నేర్చుకొనలేదు. ముందే నేర్చుకొనెను. గనుక వారమునకు ఒక రాత్రి కుటుంబ ప్రార్థన అయిన పిదప, ఇంటిలో అందరికంటె చిన్నదానితో మొదలుపెట్టి, “నీకేమి తోచుచున్నదమ్మా?” అని అడుగుడి. చెప్పువరకు ఆగుడి. నిర్ణయించు భారము నీదే, దానిని నీవే మోయవలెను. విని నిర్ణయింపుము.

చిన్నవారలారా, మీకును ఒక మాట. వినయము వేరు, భయము వేరు. అపాయము చూచినవాడు ప్రశ్నగా గొణుగక, “ఆగండి, దారి ఖాళీగా లేదు” అని చెప్పవలెను. వినకపోయిన మరల చెప్పవలెను. పౌలువలె కోపము లేక, ఎత్తిపొడుపు లేక చెప్పవలెను.

7. నిలిచిన ప్రభువు

చివరిగా మన ప్రభువు వైపు చూచెదము. ఆయన యెరికో దాటి యెరూషలేమునకు పోవుచుండెను. అచ్చట సిలువ ఆయనకొరకు కాచియుండెను. అంతకంటె గొప్ప భారము ఎవరిమీద నుండెను? అప్పుడు త్రోవప్రక్కన ఒక గ్రుడ్డి భిక్షకుడు కేకవేసెను. ఊరకుండుమని అనేకులు గద్దించిరి. అతడు మరి ఎక్కువగా కేకవేసెను. యేసు నిలిచెను (మార్కు 10:46-52). లోకమంతటి రక్షణకై పోవుచున్నవాడు, ఒక బిచ్చగాని కేకకు నిలిచెను!

ఆయన మన కేకను వినినందుననే మనము బ్రతికియున్నాము. వినబడినవారమైన మనము, వినువారము కాకుందుమా?

ప్రార్థన: మా మొర వినిన ప్రభువా, మా తొందరలో మేము త్రోసివేసిన మాటలకై మమ్మును క్షమించుము. మా ఇండ్లలోని చిన్నవారి నోట నీవు చెప్పు హెచ్చరికను వినుటకు మాకు వినయమును, చెప్పవలసినవారికి ధైర్యమును దయచేయుము. వినని దినముల నష్టమును నీ కృపచేత మాన్పి, మా శేష దినములను వినిన దినములుగా చేయుము. యేసు నామమున అడుగుచున్నాము. ఆమేన్.